గోడకెక్కని ఫోటోలు

మా ఫ్లాటు పద్మారావు నగర్‌లో, మూడో అంతస్తు. గోడలకు కొదవ లేదు, మేకులకు అసలే లేదు. మాకు ముందున్నవాళ్ళు కొట్టినవీ, మేము కొట్టినవీ కలిసి ఎటు చూసినా మేకులే. ఇన్ని మేకుల్లో ఒక్కదానికీ నేను తీసిన ఫోటో వేలాడటం లేదు. కాలేజీ రోజుల నుంచీ కెమెరా మెడలో వేసుకు తిరుగుతున్న మనిషి ఇంట్లో పరిస్థితి ఇది.

మరి ఏం వేలాడుతున్నాయంటారా? హాల్లో మా పెళ్ళి ఫోటో. అందులో నేను కళ్ళు మూసుకుని ఉంటాను. తాళి కట్టేటప్పటి భక్తి అని మా మామగారు వచ్చినవాళ్ళకు సర్దిచెప్పేవారు గానీ, అది శుద్ధ ఫ్లాష్ దెబ్బ. దాని పక్కన మా అబ్బాయి పట్టా పుచ్చుకుంటున్న ఫోటో. యూనివర్సిటీ ఫోటోగ్రాఫరు వరసబెట్టి అందరికీ కొట్టిందే. ముందు వెళ్ళినవాడి గౌను అంచు కూడా పడింది. ఆ కింద స్కందగిరి సుబ్రహ్మణ్యస్వామి క్యాలెండరు. అన్నిటికంటే పెద్ద ఫ్రేములో మనవడి మొదటి పుట్టినరోజు. అది తీసింది మా అపార్టుమెంటు వాచ్‌మన్. నేను లెన్సు మార్చుకునేలోగా పిల్లాడు కేకులో చెయ్యి పెట్టేశాడు. మా ఆవిడ తన ఫోను వాచ్‌మన్ చేతిలో పెట్టి, "నువ్వు కొట్టు నాయనా, ఆయన వచ్చేసరికి వీడికి పెళ్ళీడు వస్తుంది" అంది. అతను కొట్టాడు. ఒక్కటే కొట్టాడు. అదీ ఆ ఫ్రేము కథ.

మా ఆవిడ లెక్కలో ఫోటో అంటే సాక్ష్యం. ఎవరు వచ్చారు, ఏం కట్టుకున్నారు, ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారు అన్నవి రేపు ఎవరైనా కాదంటే తీసి చూపించడానికి పనికిరావాలి. కళ్ళు తెరిచి ఉండాలి. ("మరి మన పెళ్ళి ఫోటోలో నావి?" అని అడిగాను. "నావి తెరిచే ఉన్నాయి కదండీ" అంది.) పాదాలు తెగకూడదు, తెగితే "కాళ్ళు నరికేశారేమిటి" అంటుంది, నేను నిజంగానే ఏ గండ్రగొడ్డలో పట్టుకున్నట్టు. చీర అంచు కనబడాలి. వీపు చూపించే ఫోటో ఫోటోయే కాదు. నలుపు తెలుపు సంగతి ఎత్తకూడదు. ఏడు షాపులు తిరిగి కొన్న రామచిలుక పచ్చ కంచిపట్టును నేనొకసారి కళ కోసం బూడిద రంగులోకి మార్చాను. ఆ వారం కూరల్లో ఉప్పు ఉందో లేదో నాకు గుర్తు లేదు, ఉందని మాత్రం అనుకోను.

స్కందగిరిలో ఆడి కృత్తిక రోజున కావళ్ళు వస్తాయి. జనం, పూలు, విభూతి, డప్పులు, నెత్తిన ఎండ. ఫోటోల పిచ్చి ఉన్నవాడికి పండగంటే అదీ. కావడి మోస్తున్న ఒకాయన వీపు మీద చెమటకు కరిగిన విభూతి మూడు చారలుగా జారుతుంటే నేను ఆ చారలనే తీశాను. తల లేదు, కావడి సగమే ఉంది. నా మటుకు నాకు ఆ ఏడాది తీసినవాటిలో అదే గొప్పది. ఇంటికొచ్చి చూపించాను. మా ఆవిడ కళ్ళకద్దుకోవడానికి చెయ్యెత్తి, మధ్యలో ఆపి, "స్వామి ఏరీ?" అంది.

ఈ రోగం నాకు రీళ్ళ కాలంలో అంటుకుంది. రీలుకు 36 బొమ్మలు. మొదట్లో చుట్టు వృథా కాకుండా చీకట్లో జాగ్రత్తగా ఎక్కిస్తే 37, చెయ్యి తిరిగినవాడైతే 38 లాగేవాడు. కడిగించడానికి డబ్బులుండాలి కాబట్టి ప్రతి నొక్కుకూ ముందు ఆలోచన ఉండేది. ఇప్పుడు కార్డులో వేల బొమ్మలు పడతాయి, ఆలోచన సంగతి కార్డు చూసుకుంటుందని మా ధీమా. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో కొంత కొత్త కెమెరాకు పోయింది. ఎంత పోయిందో ఇక్కడ రాయను. ఈ పత్రిక మా ఇంటికి కూడా వస్తుంది.

కెమెరాతో పాటు శాస్త్రం కూడా కొనుక్కున్నాను. ఫ్రేమును నిలువుగా మూడు, అడ్డంగా మూడు భాగాలు చేసి ముఖ్యమైనదాన్ని ఆ గీతలు కలిసే చోట పెట్టాలనే మూడో వంతు సూత్రం అందులో మొదటి పాఠం. దీనికి ఆ పేరు పెట్టింది జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు, 1797లో, పల్లెటూరి దృశ్యాల మీద రాసిన పుస్తకంలో. అప్పటికి ఫోటో అన్నదే పుట్టలేదు. ఇంకో ముప్ఫై ఏళ్ళు కావాలి. పుట్టని బిడ్డకు పెట్టిన ఆ నియమాన్ని నేను మా బావమరిది గృహప్రవేశంలో అమలుచేశాను. దంపతులను ఎడమ గీత మీద నిలబెట్టాను. మిగిలిన రెండు వంతుల్లో కొత్త గోడ, తెల్లగా. "ఖాళీ జాగా ఇంత ఎందుకు బావా, అమ్ముదామనా?" అని అడిగాడు. వాడిది రియల్ ఎస్టేటు.

బన్సీలాల్‌పేట మెట్ల బావి మాకు నడిచివెళ్ళే దూరమే. 17వ శతాబ్దం నాటిదంటారు. దశాబ్దాల తరబడి చెత్తతో పూడి, అక్కడో బావి ఉందన్న సంగతే జనం మరిచిపోయాక, తవ్వి బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు. అప్పటినుంచి నగరంలో కెమెరా ఉన్న ప్రతివాడూ అక్కడికి వస్తాడు. పెళ్ళికి ముందు ఫోటోలు దిగే జంటలు సరేసరి. పొద్దున కాసేపు ఎండ మెట్ల అంచుల మీదే పడుతుంది. మెట్టు తెల్లగా, దాని కింద నీడ నల్లగా, మళ్ళీ మెట్టు, మళ్ళీ నీడ. ఆ చారల మధ్య ఒక్క మనిషి దిగితే చాలని రోజూ వెళ్ళి కూర్చునేవాణ్ణి. చివరికి ఒకావిడ ఎర్రచీరలో దిగింది. కుడివైపు కింద, గీతలు కలిసే చోట, గోరంత మనిషి. నొక్కాను.

మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది. "మెట్లు శుభ్రంగా కడిగారండీ" అంది. తర్వాత, "ఈవిడెవరు?"

"ఎవరో. నాకు తెలీదు."

"తెలీనావిడ ఫోటో మనింట్లో ఎందుకు?"

దీనికి సమాధానం ఏ పుస్తకంలోనూ లేదు. నేను కోపం తెచ్చుకుని, ఆ ఫోటోను పోటీకి పంపాను. ఫోటోల లోకంలో పోటీని సలోన్ అంటారు, నెగ్గడాన్ని యాక్సెప్టెన్స్ అంటారు. 1950లో స్విట్జర్లాండులోని బెర్న్‌లో పుట్టిన ఫియాప్ అనే అంతర్జాతీయ సమాఖ్య వీటికి పెద్దదిక్కు. యాక్సెప్టెన్సులు తగినన్ని పోగుచేస్తే పేరు చివర అక్షరాలు తగిలించుకోవచ్చు: ఏఫియాప్, ఆపైన ఈఫియాప్. మా ఫోటోల బృందంలో కొందరు ఇంటి గేటు మీద కూడా రాయించుకున్నారు. జడ్జీలు ముగ్గురో అయిదుగురో కూర్చుంటారు. తెర మీద బొమ్మ వస్తుంది, కొన్ని సెకన్లు ఉంటుంది, మీటలు నొక్కుతారు, మార్కులు కలుస్తాయి, బొమ్మ పోతుంది. వేలల్లో వచ్చినప్పుడు ఇంకెలా చేస్తారు లెండి. నేను పొద్దున్నే లేచి కూర్చున్న రోజులన్నిటికీ దక్కింది ఆ నాలుగు క్షణాలు.

నాది నెగ్గలేదు. అక్కడే ఉన్న జడ్జీలను టీ దగ్గర పట్టుకున్నాను. ఒకాయన ఎంతో మర్యాదగా, "మెట్లు అద్భుతం. ఆ మనిషి లేకపోతే ఇంకా బాగుండేది" అన్నారు. పక్కాయన సమోసా పూర్తిచేసి, "అబ్బే, మనిషే దానికి ప్రాణం. ఇంకా పెద్దగా ఉండాల్సింది" అన్నారు. ఇంటికొస్తూ దారి పొడుగునా ఆలోచించాను. ఒకరికి మనిషి వద్దు, ఒకరికి మనిషి పెద్దగా కావాలి, మా ఆవిడకు మనిషి తెలిసినావిడ కావాలి. ఈ మూడింట్లో ఎక్కువ అర్థమున్న మాట ఏదో నాకు తట్టింది గానీ, ఇంట్లో చెప్పలేదు.

పగ మాత్రం పోలేదు. మా ఆవిడకు ఫోటోలు చూడటమే రాదని రుజువు చెయ్యాలనుకున్నాను. నా ఫోటోల మధ్యలో ప్రపంచంలో పెద్దపెద్దవాళ్ళవి కొన్ని కలిపి, ఎవరివో చెప్పకుండా టీవీలో వేసి చూపించాను. ఆదివారం, భోజనాలయ్యాక. ఇలాంటి కుట్రలకు అదే మంచి ముహూర్తం.

మొదట ఆండ్రియాస్ గుర్‌స్కీ తీసిన రైన్ నది. 1999 నాటిది. కింద పచ్చగడ్డి పట్టీ, మధ్యలో నీటి పట్టీ, మళ్ళీ గడ్డి, పైన మబ్బు ఆకాశం. అంతే. 2011లో న్యూయార్క్ వేలంలో 43 లక్షల డాలర్లకు పోయింది. అప్పటి మారకంలో ఇరవై కోట్ల పైమాటే. మా ఆవిడ కాసేపు చూసి, "నది పక్కన ఏమీ లేకుండా ఎలా ఉంటుందండీ? ఒక గుడి లేదు, గేదె లేదు, పంపు షెడ్డయినా లేదు. ఏదో చెరిపేసుంటారు" అంది. నాకు చెమట పట్టింది. నిజంగానే చెరిపాడు. అవతలి గట్టున ఉన్న ఫ్యాక్టరీ కట్టడాన్నీ, దారిన పోయేవాళ్ళనూ కంప్యూటరులో తీసేశాడు. ఈ సంగతి తెలుసుకోవడానికి నేను ఒక లావుపాటి పుస్తకం కొన్నాను. ఆవిడ గేదె లేదని కనిపెట్టింది.

తర్వాత హెన్రీ కార్టియే బ్రెసాన్. పారిస్‌లో సాఁ లజార్ రైల్వే స్టేషను వెనక, 1932. నిలిచిన వాన నీటి మీంచి ఒక మనిషి గాల్లోకి దూకాడు. మడమ నీటిని ఇంకా తాకలేదు. ఆ తాకీ తాకని క్షణం మీద ఎన్ని పుస్తకాలు వచ్చాయో లెక్కలేదు. తీసిన ఫోటోను తర్వాత కత్తిరించడం తప్పని గట్టిగా నమ్మిన మనిషికి, చెక్కల కంచె సందులోంచి తీయాల్సి వచ్చి, ఇక్కడ మాత్రం కత్తెర పట్టక తప్పలేదు. మా ఆవిడ ముందుకు వంగింది. నేను గెలిచాననుకున్నాను.

"పాపం, బూట్లు తడిసిపోతాయి" అంది. "తీసేవాడు ఆ కెమెరా పక్కనపెట్టి చెయ్యందించవచ్చు కదా? మీరూ అంతే. వెనకటికి నేను యాదగిరిగుట్ట మెట్ల మీద జారితే ముందు ఫోటో తీశారు."

ఆ ఫోటో బాగానే వచ్చింది. అదీ గోడ మీద లేదు.

తర్వాత వచ్చింది నాది. ఎవరో పెద్దాయనదని చెప్పాను. "ఇది ఫరవాలేదు" అంది. నా గుండె ఉప్పొంగింది. "అయినా కాళ్ళు తెగాయి. ఇదీ మీదేనా?"

మా సికిందరాబాదులో, తీసేవాడికి నచ్చింది చూసేవాళ్ళకు నచ్చని ఈ సమస్యను ఇంతకు నూరేళ్ళ ముందే ఎదుర్కొన్న మహానుభావుడొకాయన ఉన్నాడు. రాజా దీన్‌దయాళ్. పుట్టింది 1844లో, మీరట్ దగ్గర సర్ధనాలో. రూర్కీలో చదివి ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం చేస్తూ సరదాగా కెమెరా పట్టాడు. ఆ సరదా ముదిరి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువుకు చేరాడు. 1886లో సికిందరాబాదులో స్టూడియో పెట్టాడు. సర్కారు కొలువులో ఉండి ఫోటోల్లో పడ్డ మనిషంటే నాకు ప్రాణం. తేడా ఒక్కటే. ఆయన ఉద్యోగం వదిలి నిజాం దగ్గర చేరాడు, నేను ఉద్యోగం అయిపోయాక మా ఆవిడ దగ్గర చేరాను. నిజాం మెచ్చి బిరుదు ఇచ్చాడు.

దీన్‌దయాళ్ గుమ్మం తొక్కినవాళ్ళు అల్లాటప్పా మనుషులు కారు. నవాబులు, దొరలు, పటాలాల అధికారులు. బల్ల మీద పెద్ద కెమెరా, లోపల గాజు పలక, కదలకుండా కూర్చోవలసిన మనిషి. నవాబుగారికి కావలసింది వెలుగునీడల సొగసు కాదు, మెడలోని హారం వరస వరసా కనబడటం. దొరకు కావలసింది చచ్చిన పులి పొడవు. 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ పెద్ద గోడలు. లోపల ఫోటోలు తీసేది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ. పరదా దాటి బయటికి రాని బొమ్మలకు మార్కులు వేసేది ఇంక ఎవరు? ఆ ఇంటివాళ్ళే. అక్కడ ఏ బేగం సాహెబా "నా ముక్కు ఇంత పొడుగా?" అని పలకను వెనక్కి పంపిందో ఎవరు చూశారు, పంపే ఉంటుందని నా ఊహ. అదే దీన్‌దయాళ్ ఫోటోలకు 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో బహుమతి వచ్చింది. 1989లో ఆయన గాజు నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. ఇప్పుడు పండితులు వాటిని చూసి వెలుగు గురించి, రాచరికం గురించి, కూర్చున్న కుర్చీ గురించి కూడా రాస్తున్నారు. డబ్బిచ్చి తీయించుకున్న పెద్దమనిషి హారం గురించి మాత్రం ఎవరూ అనడం లేదు. నిజానికి నాకు నచ్చేవి కూడా ఆ హారాల ఫోటోలు కావు. వెనకాల నౌకరు ఒకడు కదిలిపోయి మసగ్గా పడి ఉంటాడే, అలాంటివి. ఆ రోజుల్లో అలాంటిదాన్ని తీసినందుకు మందలింపే దక్కి ఉండాలి.

ఇంత తెలిసినవాణ్ణి కదా అని మా అపార్టుమెంటు అసోసియేషన్‌వాళ్ళు సంక్రాంతి ముగ్గుల ఫోటో పోటీకి నన్ను జడ్జిగా వేశారు. ముగ్గుకు కాదు, ఫోటోకి మార్కులు అన్నారు. ఆ తేడా నాకూ సెక్రటరీకీ తప్ప ఇంకెవరికీ అర్థం కాలేదని తర్వాత తెలిసింది. సెక్రటరీ వాట్సాప్‌లో వచ్చినవాటి పేర్లూ నంబర్లూ తీసేసి నాకు పంపించాడు. పదికి మార్కులు. నేను తలుపు వేసుకుని కూర్చున్నాను. సగం అయ్యాక కాఫీ తాగాను. ఆ కాఫీ నా కొంప ముంచింది.

మొదటి బహుమతి ఇచ్చిన ఫోటో ఇప్పటికీ నాకు ఇష్టమే. తెల్లవారుజామున వీధి దీపం పసుపు వెలుగు, చుక్కలు కలిపిన పెద్ద ముగ్గు, సరిగ్గా మధ్యలో గొబ్బెమ్మను ఆనుకుని ముడుచుకు పడుకున్న వీధికుక్క. ముగ్గు గీత దాని తోక దగ్గర తెగి, మూతి దగ్గర మళ్ళీ మొదలవుతుంది. తొమ్మిదిన్నర వేశాను. మైకులో ప్రకటించగానే ఆడవాళ్ళ వైపు నుంచి ఒక నిశ్శబ్దం వచ్చింది, దాని వెనకే మాటలు వచ్చాయి. కుక్క పడుకున్న ముగ్గుకి ఫస్టా? పొద్దున మూడింటికి లేచి రంగులద్దినవాళ్ళం పిచ్చివాళ్ళమా? గెలిచినావిడ లేచి నిలబడి, ఏడుపు గొంతుతో అసలు సంగతి చెప్పింది. ఆవిడ పోటీకి పంపనే లేదు. సెల్లారులోకి కుక్కలను రానిస్తున్నారని సెక్రటరీకి చేసిన ఫిర్యాదు అది. పొరపాటున ఈ గుంపులో కలిసింది.

అది పోనీ అనుకున్నారు. రెండోది పోనివ్వలేదు. రెండో అంతస్తులో ఒక ఇంటి నుంచి అత్తగారు ఒక ఫోటో పంపారు, కోడలు ఒక ఫోటో పంపింది. తీరా చూస్తే రెండూ ఒకటే ఫోటో. ఇంట్లో ఎవరో తీసి ఇద్దరికీ పంపితే ఇద్దరూ పోటీకి పంపేశారు. కాఫీకి ముందు వచ్చినదానికి నేను ఎనిమిది వేశాను. కాఫీ తర్వాత వచ్చినదానికి నాలుగు. ఎనిమిది కోడలికి, నాలుగు అత్తగారికి. పోనీ అటూ ఇటూ అయినా బతికేవాణ్ణేమో. మార్కుల కాగితం నోటీసు బోర్డు మీద, మోటారు కరెంటు బిల్లు పక్కన, వారం రోజులు ఉంది. "ఆయనకు నామీద ఏమిటట కోపం?" అని అత్తగారు మా ఆవిడను లిఫ్టులో అడిగారు. మా ఆవిడ నన్ను కాపాడటానికి, "ఆయనకు ఫోటోల గురించి ఏమీ తెలీదండీ" అంది. ఎంత తడుముకోకుండా అందో.

నేను తప్పించుకోవడానికి చరిత్ర తిరగేశాను. నాకు ముందు ఒకాయన దొరికాడు. పీటర్ హెన్రీ ఎమర్సన్, ఇంగ్లండు, డాక్టరు చదువు. ఫోటో అంటే కంటికి కనబడినంత సహజంగా, అంచులు మెత్తగా ఉండాలి, అదే కళ అని 1889లో పుస్తకం రాసి లోకంతో దెబ్బలాడాడు. రెండేళ్ళు తిరక్కముందే మనసు మారి, ఫోటోగ్రఫీ కళే కాదంటూ, చావు కబురులాగా చుట్టూ నల్ల అంచు వేసి మరీ ఒక కరపత్రం అచ్చువేశాడు. ఎనిమిది నుంచి నాలుగుకు రావడానికి ఆయనకు రెండేళ్ళు పట్టింది. నాకు గ్లాసుడు కాఫీ చాలింది. ఈ పోలిక చెబితే సెక్రటరీ, "ఆయన కూడా అపార్టుమెంటులోనే ఉండేవాడా సార్?" అన్నాడు. వచ్చే ఏడు పోటీ లేదు. అందరికీ తలా ఒక స్టీలు డబ్బా ఇస్తారట.

ఇంక మా మేనత్త సంగతి. ఉండేది వారాసిగూడలో చిన్నకొడుకు దగ్గర. ఎనభై దాటింది. ప్రతిదీ ముందే సర్దిపెట్టుకునే మనిషి. ఒకరోజు వచ్చి కూర్చుని, "ఒరేయ్, రేపు దండ వెయ్యడానికి మంచి ఫోటో ఒకటి చూసిపెట్టు. మీ మామయ్యకు రేషన్ కార్డులోది పెద్దది చేయించారు. పదేళ్ళనుంచీ దొంగలా చూస్తున్నాడు గోడ మీంచి" అంది.

ఇంతకాలానికి నాకొక గిరాకీ. కిటికీ పక్కన కూర్చోబెట్టి, పక్క వెలుగులో, వెనక చీకటిగా, ఒక చెంప మాత్రమే వెలిగేలా తీశాను. ప్రతి ముడతా ఒక కథ చెబుతోంది. మా బృందంలో చూపిస్తే ఇద్దరు లేచి నిలబడ్డారు. అత్త చూసి, "రెండో కన్ను ఏమైందిరా?" అంది. తర్వాత, "ఇది గోడకు పెడితే పిల్లలు ఆ గదిలో పడుకోరు."

నేను ఓపిగ్గా డొరొతియా లాంగ్ కథ చెప్పాను. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమోలో బఠాణీ కూలీల గుడారాల దగ్గర, పిల్లలను ఒళ్ళోనూ భుజాల మీదా పెట్టుకున్న ఒక తల్లిని తీసింది. ఆ కరువు రోజులకు అదే మొహమైపోయింది. ఆ ఫోటోలోనూ ముడతలే, దిగులే, అయినా లోకమంతా నెత్తిన పెట్టుకుంది, అన్నాను. అత్త అంతా విని, "ఆవిడకు నచ్చిందా?" అని అడిగింది. నాకు తెలిసిన పెద్దల్లో ఎవరూ ముందుగా అడగని ప్రశ్న అది. నచ్చలేదు. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ ఆవిడ పేరు. దాదాపు నలభై ఏళ్ళకు ఎవరో వెతుక్కుంటూ వస్తే, ఆ ఫోటో తీయకుండా ఉంటే బాగుండేదనీ, తనకు దానివల్ల దమ్మిడీ రాలేదనీ చెప్పింది. "మరి?" అంది అత్త. మరి అంటే నా దగ్గరేముంది?

చివరికి మేనత్త తనే తన ఫోటో ఎంచుకుంది. మనవరాలి పెళ్ళిలో భోజనాల దగ్గరిది. ఎవరో తీసి వాట్సాప్‌లో పెడితే చుట్టాలందరి ఫోన్లలో తిరుగుతున్నది. అత్త ఎవరి మాటకో నోరారా నవ్వుతోంది. పంటి సందు కనబడుతుంది. ముక్కుపుడక మీద ఫ్లాషు పడి తెల్లటి చుక్క అయింది. కుడి భుజం మీద ఎవరిదో చెయ్యి, మణికట్టు దాకానే ఉంది, మనిషి లేడు. వెలుగు చదునుగా ఉంది, అడ్డంగా నీళ్ళ సీసా ఉంది, సూత్రాల లెక్కన ఒక్కటీ సరిగ్గా లేదు. అత్త నచ్చిందని అనగానే దాన్ని తీసింది తామేనని నలుగురు ముందుకొచ్చారు. మా బావమరిది, మా చిన్న మేనకోడలు, అత్త చిన్నకొడుకు. నాలుగోవాణ్ణి నేను. ఆ పెళ్ళిలో నేను వందల్లో తీశాను, అందులో ఇదీ ఉండే ఉంటుందని అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

చిలకలగూడ వైపు సందులో పాత స్టూడియో ఒకటుంది. అద్దం పక్కన దారానికి కట్టిన దువ్వెన, పౌడరు డబ్బా, పాస్‌పోర్టు ఫోటోల కోసం కొక్కేనికి వేలాడే నల్లకోటు ఇంకా అలాగే ఉన్నాయి. అత్తనూ మా ఆవిడనూ తీసుకుని వెళ్ళాను. స్టూడియో కుర్రాడు ఫోటోను కంప్యూటరులో పెద్దది చేసి, "భుజం మీద చెయ్యి టచింగులో తీసేస్తానమ్మా" అన్నాడు. లాంగ్ కూడా తన ఫోటోలో మూలన గుడారపు కర్రను పట్టుకున్న బొటనవేలిని 1939లో నెగటివు మీదే చెరిపించింది. పై అధికారి రాయ్ స్ట్రయికర్‌కు అది గిట్టలేదు. ఈ సంగతి చెబుదామని నోరు తెరిచాను.

"వద్దు, ఉండనీ. అది మా పెద్దాడి చెయ్యి. వాచీ చూడు, నేను కొన్నదే" అంది అత్త. పెద్దకొడుకు హ్యూస్టన్‌లో ఉంటాడు.

కుర్రాడు ఇంకా పెద్దది చేశాడు. మా ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది.

"దొడ్డమ్మగారూ, మీ వెనక చూడండి. ప్లేటు పట్టుకుని గులాబ్‌జాము మీదకు వంగినాయన."

చూశాం. మసగ్గా ఉన్నా పోల్చుకోలేనంత మసక కాదు. చొక్కా నాది. బట్టతల నాది. మెడలో కెమెరా, మూత పెట్టే ఉంది.

"ఇది తీసింది మీరన్నారు?" అంది మా ఆవిడ.

నేను కొక్కేనికున్న నల్లకోటు వైపు చూస్తూ నిలబడ్డాను. కుర్రాడు మౌసు మీద చెయ్యి పెట్టి, "వెనక ఆయన్ని తీసెయ్యమంటారా అమ్మా?" అని అడిగాడు.

మేనత్త ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తీసెయ్" అంది.

టచింగుకు యాభై రూపాయలు వేరే అన్నాడు. నేనే ఇచ్చాను.